డాంగ్రీకి గంజి పెట్టొద్దు

మా ఇంట్ల తాతల కాలం నుంచి బట్టలు ఉతుకుడే పని. జగిత్యాల దగ్గర మా ఊరి చెరువు కాడ రేవు, బాన, సవుడు మట్టి అన్ని చిన్నప్పటిసంది చూసినయే, అందుకే 2013ల సౌదీల జుబైల్‌కు లాండ్రీ వీసా మీద వచ్చినప్పుడు ఉతుకుడుల నాకు ఇంకొకరు నేర్పేది ఏముంటది అనుకున్న. మా క్యాంపుల అందరు వెల్డర్లు, ఫిట్టర్లు, స్కఫోల్డింగ్ వాళ్లే, ప్లాంట్లు ఆపి రిపేర్లు చేసే షట్‌డౌన్ పనులకు పోతరు. రోజుకు మూడు నాలుగు వందల డాంగ్రీలు వస్తయి, అంటే మెడ నుంచి కాళ్ల దాక ఒక్కటే ఉండే పని డ్రెస్సులు, నీలం రంగువి, కాలర్ లోపల ఎఫ్‌ఆర్ అని ట్యాగ్ ఉంటది. అదేందో మాకు ఎవ్వరు చెప్పలే, మేము అడగలే.

మా రూమ్‌ల నిర్మల్ దిక్కు వెల్డర్ అన్న ఒకాయన ఉండె. "తమ్మీ, చెమట వాసనకు తల తిరుగుతుంది, జర మంచిగ వాసన వచ్చేటట్టు చెయ్యరాదు" అన్నడు. మనోడు గదా అని నేను ప్రేమతోనే ఆయన బట్టలకు మెత్తగ, వాసనగ చేసే సాఫ్ట్‌నర్ పోసిన, ఒక్కసారి కాదు, రెండు నెలలు ప్రతి ఉతుకుడుకు పోసిన. ఒకనాడు ఎండకు తట్టుకోలేక లెదర్ స్లీవ్ తీసిపెట్టి గ్రైండింగ్ చేస్తుంటే రవ్వలు చెయ్యి మీద పడ్డయి, మంట బట్ట మీద మీదనే మోచెయ్యి దాక పాకింది. పక్కన మంట అంటుకోకుండ కాపలా ఉండే ఫైర్ వాచ్ పిల్లగాడు ఉరికొచ్చి బ్లాంకెట్ కప్పి ఆర్పిండు. అయినా అరచెయ్యంత బొబ్బ లేచింది. ఆ రాత్రి నేను అన్నం తినలే.

తెల్లారి సేఫ్టీ ఆయన లాండ్రీకి వచ్చిండు, కేరళ ఆయన. తిట్టలే. కత్తెర అడిగి మూడు పేలికలు కోసిండు, ఒకటి ఉట్టి డిటర్జెంట్‌తోటి ఉతికిన పాత డాంగ్రీది, ఒకటి మా వెల్డర్ అన్న డాంగ్రీ రెండో చెయ్యిది, ఒకటి నా బనీన్‌ది. క్లిప్పుకు నిలువుగ వేలాడదీసి కింద లైటర్ పెట్టి 12 సెకన్లు లెక్కబెట్టిండు, ఈ బట్టల టెస్టుల గూడ అంతే సేపు పెడ్తరట. బనీన్ ముక్క అంతసేపు ఆగనే లేదు, బగ్గున క్లిప్పు దాక పోయింది. మంచిగ ఉతికింది మంట తాకిన కాడ నల్లగైంది, లైటర్ తీయంగనే ఆరింది, అంచు మాడిన రొట్టె లెక్క గట్టిగైంది. అన్న డాంగ్రీ ముక్క మాత్రం లైటర్ తీసినంక గూడ సన్నటి మంట మీద మీద పాకుకుంట పోయింది. నేను మూడు ముక్కలు చేతిల పట్టుకొని చానా సేపు చూసిన.

తర్వాత ఆయన చెప్పింది, నేను ఆ మీదట చదువుకున్నది కలిపి చెప్తున్న. పత్తి అంటే సెల్యులోజ్. 300 డిగ్రీలు దాటితే అది విరిగి గ్యాస్ వదుల్తది, మనం చూసే మంట ఆ గ్యాస్‌దే. ఎఫ్‌ఆర్ అంటే మంటను తట్టుకునే బట్ట అన్నట్టు. ఎఫ్‌ఆర్ కాటన్ల భాస్వరం మందు ఉంటది, వేడికి అది ఆసిడ్ అయ్యి సెల్యులోజ్‌ల నుంచి నీళ్లు గుంజి బొగ్గు లెక్క చేస్తది, గ్యాస్ తక్కువ వస్తది, మంటకు మేత దొరకది. ఆ మందును బట్టకు తాగించి, ఎండబెట్టి, అమ్మోనియా గ్యాస్‌ల నుంచి పంపితే పోగు లోపలనే గట్టి పాలిమర్ అయిపోతది, అందుకే ఉతికినా పోదు. వెలిగారం కలిపిన నీళ్లల్ల ముంచినా బట్ట అంటుకోదు, నిజమే, 1821లనే ఫ్రాన్స్‌ల గే లుసాక్ అనే సైంటిస్ట్ నాటకశాల బట్టలకు అసొంటి మందులు కనిపెట్టిండు, కని అది ఒక్క ఉతుకుడుకే పోతది. మా డాంగ్రీల బట్టను ఎన్‌ఎఫ్‌పీఏ 2112 అనే అమెరికా రూల్ ప్రకారం 100 సార్లు ఉతికినంక గూడ టెస్ట్ చేస్తరు.

సాఫ్ట్‌నర్ ఆ మందును తియ్యది, బట్ట మీద కాలే పొర వేస్తది. గ్రీజు, ఆయిల్ మరకలు గూడ అంతే, గంజి అంతే. సబ్బు నురగ రాని నీళ్లల్ల సబ్బుతోటి ఉతికితే పట్టే తెల్లటి జిడ్డు అంతే. ఇవన్ని మంచిగ ఉతికి వదిలిస్తే పోతయి. క్లోరిన్ బ్లీచ్ అట్ల కాదు, లోపలి పాలిమర్‌నే తింటది, పోయిన మందు మళ్ల రాదు, ఆ డాంగ్రీని పడేసుడే. చిరిగితే అదే రకం గుడ్డ, అదే రకం దారం వెయ్యాలె, మామూలు పాలిస్టర్ దారం వేడికి కరుగుతది.

తమ్ముళ్లు చానామంది డాంగ్రీ లోపల క్రికెట్ జెర్సీలు వేసుకుంటరు, పాలిస్టర్‌వి. దండం పెట్టి చెప్తున్న, కాటన్ బనీన్ వేసుకోండ్రి, పాలిస్టర్ కరిగి తోలుకు అంటుకుంటది. ఎఫ్‌ఆర్ అంటే కాలదని గాదు. టెస్టుల మనిషంత బొమ్మకు డాంగ్రీ తొడిగి మంటల పెట్టేది 3 సెకన్లే, ఒంట్ల సగానికన్నా ఎక్కువ కాలొద్దు, పాస్ అంటే అంతే. ఉరికి బయటపడేందుకు దొరికే టైమ్ అది, దాన్ని నా చేతులతోని నేనే తగ్గించిన గదా అని ఇప్పటికి గూడ నిద్రల లేస్త.

బాపుకు ఫోన్‌ల ఇదంత చెప్తే "గంజి గూడ పెట్టనియ్యరా బిడ్డా, మరి ఇస్త్రీ ఎట్ల నిలుస్తది" అన్నడు. నిలవకున్నా మంచిదే బాపు, గంజి కాలుతది అన్న. కాసేపు ఏం మాట్లాడలే. తర్వాత "ఆ పిల్లగాని చెయ్యి మానిందా" అని అడిగిండు.

మానింది, మచ్చ ఉన్నది. అన్న ఇప్పటికి మా క్యాంపుల్నే ఉన్నడు. డాంగ్రీ తీస్కపోయే ముందు కాలర్ ముక్కు కాడ పెట్టుకొని చూస్తడు, ఏ వాసన రాకుంటెనే సంచిల పెట్టుకుంటడు.