ఎర్ర దూడ

"అమ్మా, దూడ ఎర్రగా ఉందేంటి? వాళ్ళమ్మ నల్లగా ఉంది కదా!"

లైబ్రరీ పుస్తకంలో ఆ బొమ్మ దగ్గరే పాప వేలు ఆగిపోయింది. బైసన్ అంటే అమెరికా అడవిదున్న. వాటి దూడలు అలా ఇటుక రంగులోనే పుడతాయి.

తర్వాతి పేజీలో తల్లి బైసన్ తలతో మంచును అటూ ఇటూ తోసి, కింద గడ్డి వెతుక్కుంటోంది. పాప దుప్పట్లో తల దూర్చి అచ్చం అలాగే ఊపింది.

ఒకప్పుడు ఈ బైసన్‌లు కోట్లలో ఉండేవి. 1880ల చివరికి అమెరికాలో కొన్ని వందలే మిగిలాయి. అది చదువుతుంటే నా గొంతు పట్టేసింది.

"మిగతావి ఎక్కడికెళ్ళాయి?"

చంపేశారని చెప్పాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

పొద్దున వీడియో కాల్‌లో అమ్మమ్మకు బొమ్మ చూపించింది. "మన పాపికొండల్లో అడవిదున్నలుంటాయి తల్లీ, తెల్ల మేజోళ్ళు తొడుక్కున్నట్టుంటాయి కాళ్ళు" అంది మా అమ్మ.

ఇప్పుడు పాపకు ఆ అడవిదున్నల పుస్తకం కావాలట, తెలుగులో.