తొలి కచేరీ: భయం ముందుగా పట్టుకునేది లయని

వేదికెక్కితే సాహిత్యం మరచిపోతామేమోనని అందరికీ బెంగ. నేను చూసినంతలో మొదట దెబ్బతినేది లయ. గుండె దడదడలాడుతుంటే, ఇంట్లో నింపాదిగా పాడే వర్ణం (కర్ణాటక కచేరీలో సాధారణంగా మొదట పాడే రచన) మనకి తెలియకుండానే పరుగందుకుంటుంది. మొదటి కాలమే పరుగైతే, రెట్టింపు వేగంతో పాడే రెండో కాలంలో స్వరాలు నలిగిపోతాయి, ఊపిరి చాలదు, మాట తడబడేది ఆ తర్వాతే. అందుకే నా సాధనలో ఎక్కువ భాగం మొదటి పది నిమిషాలకే కేటాయించాను.

మొదట ఎనిమిది అక్షరాల (తాళం లెక్కల) ఆది తాళ వర్ణమే పెట్టుకున్నాను. అట తాళానికైతే 14 అక్షరాలు. వణికే చేత్తో ఆ లెక్క నిలబెట్టడం కొత్తవాళ్లకి అనవసరపు సాహసం. శ్రుతి (పాటకి ఆధారమైన స్థాయి) కూడా ఐదున్నర నుంచి ఐదుకి, అంటే అర మెట్టు దించాను, భయానికి తారస్థాయి షడ్జం (పై స) దగ్గర గొంతు బిగుసుకుంటుంది కాబట్టి. ఇది ఆఖరి నిమిషంలో చేసే పని కాదు. కొత్త శ్రుతి గొంతుకి అలవాటు కావాలి, మృదంగం వాయించేవారు దానికి సరిపోయే వాద్యం తెచ్చుకోవాలి.

అన్నిటికన్నా పనికొచ్చిన సాధన ఇది: మేడ మెట్లు గబగబా ఎక్కి దిగి, ఆయాసం తీరకముందే కూర్చుని వర్ణం మొత్తం పాడి రికార్డు చేయడం. తర్వాత మెట్రోనోమ్ (టిక్కు టిక్కుమని సమంగా లయ చూపే సాధనం) పెట్టుకుని వింటే వేగం ఎక్కడ పెరిగిందో దొరికిపోతుంది. నాకైతే ముక్తాయి స్వరం (వర్ణం మొదటి సగాన్ని ముగించే స్వరభాగం) చివర. వేదికెక్కే ముందు అదే మెట్రోనోమ్ చెవి దగ్గర పెట్టుకుని పల్లవి మనసులో అనుకుంటే చాలు.

గట్టిగా ఊపిరి పీల్చుకోమని అందరూ చెబుతారు. అదే పనిగా పీలిస్తే తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. నాలుగు లెక్కలకి పీల్చి ఎనిమిదికి వదలాలి. దడ తగ్గించేది వదలడమే. ప్రొప్రనొలాల్ మాత్ర దడనీ వణుకునీ తగ్గిస్తుంది గానీ, డాక్టర్ రాసిస్తేనే వేసుకోవాలి. ఉబ్బసం ఉన్నవాళ్లకి అది పడదు, ప్రమాదం కూడా. రాసిచ్చినా మొదటిసారి కచేరీ రోజున వేసుకోవడం తెలివితక్కువ.

మైకు సరిచూసేటప్పుడు మానిటర్‌లో (పాడేవారి వైపు తిప్పిన స్పీకర్‌లో) తంబురా పెంచమని అడగండి. అది వినపడకపోతే గొంతు పెంచేస్తాం, శ్రుతి జారుతుంది.

మాట నిజంగానే మరచిపోతే అకారంతో ('ఆ' అంటూ) ఆ వరస ముగించి పల్లవికి వచ్చేయాలి. తాళం మాత్రం ఆపకూడదు. వయొలిన్ వారికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచితే వెంటనే అందుకుంటారు. నోరెండితే గోరువెచ్చని నీళ్లు ఒక్క గుక్క, పాటకీ పాటకీ మధ్య మృదంగం శ్రుతి సరిచూసుకునేటప్పుడు.