చ్వాన్‌జౌ స్తంభం మీద నరసింహుడు

మాది వేటపాలెం దగ్గర ఊరు. పాత రేవు మోటుపల్లికి సైకిలు మీద వెళ్లిరావచ్చు. చిన్నప్పుడు అక్కడి వీరభద్రస్వామి గుడికి వెళ్తే, నాన్న శాసనం ఉన్న రాయి చూపించి, "గణపతిదేవుడు ఓడ వర్తకులకి అభయం ఇచ్చింది దీని మీదేరా" అనేవారు. 1244 నాటి ఆ శాసనంలో సుంకం కట్టాల్సిన సరుకుల్లో చీనీ కర్పూరం కూడా ఉందని చాలా ఏళ్ల తర్వాత చదివాను. అప్పటి నుంచి ఆ వర్తకపు దారికి అవతలి చివర, చైనాలో ఉన్న రేవు ఒకటి చూడాలని ఉండేది. అందుకే మే నెలలో షెన్‌జెన్‌లో ఆఫీసు పని అయిపోయాక మూడు రోజులు సెలవు పెట్టి, కెమెరా సంచీ తగిలించుకుని చ్వాన్‌జౌ రైలెక్కాను. సుమారు నాలుగు గంటల ప్రయాణం.

మార్కో పోలో జైతూన్ అని రాసిన రేవుపట్నం ఇదే. ఒకప్పుడు ఊరి చుట్టూ నాటిన ఎర్రపూల ముళ్లచెట్టుకి చీనీలో ఉన్న పేరే అరబ్బుల నోట జైతూన్ అయిందంటారు. రుద్రమదేవి ఏలుబడిలోని మన తీరం గురించి రాసిందీ ఆ మార్కో పోలోనే. 2021లో యునెస్కో ఈ ఊళ్లోనూ చుట్టుపక్కలా ఉన్న 22 చోట్లను కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మూడు రోజుల్లో 22 చూడడం కుదరదు. నాకు కావలసింది కూడా ఒక్క చోటే.

అది కైయువాన్ ఆలయం. 686లో మొదలైన బౌద్ధ క్షేత్రం. పడమటి వీధిలోకి అడుగుపెట్టగానే దాని జంట గోపురాలు ఇంటి కప్పుల మీదుగా కనిపిస్తాయి. తూర్పుది సుమారు 48 మీటర్లు, పడమటిది అంతకంటే కాస్త తక్కువ. 13వ శతాబ్దంలో కట్టినవి. చెక్కతో కట్టినట్టు దూలాలూ చూరులూ అన్నీ ఉంటాయి కానీ మొత్తం రాయే. ఒక్కో గోపురానికి ఐదు అంతస్తులు, ఎనిమిది ముఖాలు, 80 నిలువెత్తు శిల్పాలు. పడమటి గోపురం మీద కత్తి పట్టుకున్న కోతి మొహం వీరుడొకడు ఉన్నాడు. జనమంతా ఫోన్లు ఎత్తేది అతని కోసమే. నేనూ నాలుగు ఫోటోలు తీసుకుని ప్రధాన మందిరం వెనక్కి నడిచాను.

వెనక వసారాలో రెండు స్తంభాలు. మిగతా వాటిలా గుండ్రంగా ఉండవు, పదహారు పలకలు తీర్చి ఉంటాయి. ఆకుపచ్చ ఛాయ ఉన్న బూడిదరంగు రాయి. మధ్యమధ్య చదరపు దిమ్మెలు, వాటి మీద గుండ్రటి చట్రాల్లో చిన్న చిన్న బొమ్మలు. దగ్గరికి వెళ్లి చూస్తే కాళీయుడి పడగల మీద కృష్ణుడు. ఇంకోవైపు రెండు మద్దిచెట్ల మధ్య కృష్ణుడు. మరోవైపు నరసింహుడు. ఫోటోల్లో ముందే చూశాను, అయినా ఒళ్లు జలదరించింది. చుట్టూ ఒక్క అక్షరం చదవలేని ఊళ్లో, అమ్మ అన్నం పెడుతూ చెప్పిన కథలు రాతిలో ఎదురయ్యాయి.

13వ శతాబ్దం చివర్లో ఈ ఊళ్లో తమిళ వర్తకులు ఉండేవారు. 1281 నాటి తమిళ శాసనం ఒకటి ఇక్కడే దొరికింది. వాళ్లు కట్టుకున్న గుడి తర్వాతి కాలంలో కూలిపోయింది. దాని రాళ్లు ఊరంతా చెదిరిపోయాయి. మింగ్ రాజుల కాలంలో ఈ మందిరాన్ని బాగుచేసినప్పుడు అందులో కొన్నిటిని తెచ్చి వాడుకున్నారు. మందిరం ముందు అరుగు అడుగున వరసగా పేర్చిన, మనిషి తల సింహం ఒడలు ఉన్న శిల్పాలు కూడా ఆ గుడివే. కథలు, శైలి కావేరి వైపువి. రాయి మాత్రం ఇక్కడి కొండలదే.

వచ్చింది మధ్యాహ్నం. ఆ వసారా ఉత్తరానికి ఉంది, వెలుతురు ఎదురుగా సమానంగా పడుతోంది. కెమెరాలో వెలుతురుని పట్టే సెట్టింగు, ఐఎస్ఓ, 1600 పెట్టి నరసింహుణ్ణి తీశాను. బొమ్మ స్పష్టంగానే వచ్చింది. గదికి వచ్చి అమ్మకి పంపితే రాత్రి ఫోన్ చేసింది.

"నరసింహస్వామి సరే, ఒళ్లో హిరణ్యకశిపుడేడిరా?"

"ఉన్నాడమ్మా, సరిగ్గా చూడు."

"రాయంతా ఒకటే ముద్దలా ఉంది. నువ్వు చెప్తే తప్ప తెలియడం లేదు."

నిజమే. ఎదురు వెలుతురులో తీస్తే చెక్కుడు పని లోతు పోతుంది, ముక్కూ చెంపా ఒకటైపోతాయి. పక్క నుంచి వాలుగా వెలుతురు పడాలి, ప్రతి గీతకీ ఓ నీడ రావాలి. ఎన్నిసార్లో అనుభవమైన సంగతే ఆత్రంలో మర్చిపోయాను. వేసవిలో పొద్దు ఈశాన్యం వైపు నుంచి పొడుస్తుంది కాబట్టి ఉదయం ఆ వసారాలోకి ఎండ ఏటవాలుగా దూరుతుందని లెక్క వేసుకున్నాను.

మర్నాడు మబ్బు. ఎండ ఊసే లేదు. ఆ రోజు వేరే చోట్లకి వెళ్లాను. 1009లో మొదలైన మసీదు రాతి ద్వారం చూసి, బస్సెక్కి లోయాంగ్ వంతెనకి చేరాను. 1053 నుంచి 1059 దాకా కట్టిన వంతెన ఇది. సముద్రపు పోటు పునాదుల్ని కదిలించకుండా, రాళ్ల మీద ఆల్చిప్పల్ని పెంచారట. అవి రాయికి రాయికి మధ్య పెరిగి సున్నంలా పట్టేస్తాయి. ఇంత తెలివైన ఆలోచన వెయ్యేళ్ల కిందట ఎవరికి తట్టిందో గానీ ఆయనకి మొక్కాలనిపించింది. ఆటు సమయంలో వంతెన కింద బురద బయటపడింది, కొందరు ఆడవాళ్లు వంగి ఆల్చిప్పలు ఏరుతున్నారు. మబ్బు వెలుతురులో ఆ బురద వెండిలా మెరిసింది. ఈ యాత్రలో నాకు బాగా నచ్చిన ఫోటోల్లో అదొకటి.

సాయంత్రం శున్‌పూ అనే జాలరిపల్లెకి వెళ్లాను. ఆల్చిప్పలు గోడల్లో పొదిగిన ఇళ్లు, సిగ చుట్టూ వలయాలుగా పూలు చుట్టుకునే ఆడవాళ్లు. ఇప్పుడు ఆ పూలసిగ కోసం దేశం నలుమూలల నుంచీ అమ్మాయిలు వస్తున్నారు. అద్దె బట్టలు, మేకప్, ఫోటోగ్రాఫర్ అన్నీ కలిపి ప్యాకేజీ. నాకు అది తప్పనిపించలేదు, పల్లెకి నాలుగు డబ్బులు వస్తున్నాయి. కానీ నా కెమెరా మాత్రం గుమ్మం ముందు కూర్చుని కత్తితో ఆల్చిప్పలు ఒలుస్తున్న ఒక పెద్దావిడ దగ్గర ఆగింది. కెమెరా చూపించి సైగతో అడిగాను. ఆవిడ ముందు వద్దని చెయ్యి ఊపింది. సరేనని నమస్కారం పెట్టి కదిలాను. వెనక్కి పిలిచి, సిగలో జారిన మల్లెమొగ్గల దండ సర్దుకుని, అప్పుడు కూర్చుంది. మా నాయనమ్మ కూడా ఫోటో అంటే ముందు కొప్పు తడుముకునేది.

మూడో రోజు తెల్లవారుజామున ఆకాశం తేటగా ఉంది. ఆలయం తలుపులు తీసేసరికి అక్కడున్నాను. కానీ ఏసీ గదిలోంచి వచ్చిన కెమెరా ఆ ఉక్కలోకి రాగానే లెన్సు మీద ఆవిరి కమ్మేసింది. తుడిస్తే మళ్లీ కమ్ముతుంది. ఎండ అప్పటికే వసారా అంచుకి వచ్చింది. ఒకటే టెన్షన్. లెన్సుని చొక్కా లోపల పెట్టుకుని వెచ్చబడేదాకా స్తంభం ముందు నిలబడ్డాను. ఊడుస్తున్న ముసలాయన ఒకరు నన్నూ స్తంభాన్నీ మార్చి మార్చి చూసి, "యిందూ?" అన్నారు. ఇండియా అని అడుగుతున్నారు. తల ఊపాను. ఆయన చీపురు గోడకి ఆనించి, వేలితో కృష్ణుణ్ణి, నరసింహుణ్ణి ఒక్కొక్కరినే చూపించారు, తన ఇంట్లో వాళ్లని పరిచయం చేస్తున్నట్టు.

ఆవిరి విడిచేసరికి సన్నటి ఎండ చార స్తంభం పక్కగా పాకింది. జూలు విడిపోయింది. చేతులు వేరయ్యాయి. ఒళ్లో అడ్డంగా పడి ఉన్నవాడు బయటపడ్డాడు. పది నిమిషాలు కూడా లేదు ఆ వెలుతురు.

అక్కడే మెట్ల మీద కూర్చుని ఫోటో పంపాను. మన దగ్గర ఇంకా తెల్లవారలేదు. అయినా అమ్మ లేచే ఉంది.

"ఆఁ, ఇప్పుడు కనిపిస్తున్నాడు. పేగులు తీస్తున్న చేతులు కూడా తెలుస్తున్నాయి. అవునూ, అక్కడ ఆయనకి ఎవరన్నా దీపం పెడతారా?"

వెనక్కి తిరిగి చూశాను. స్తంభం ముందు దీపం లేదు. ఒకావిడ మాత్రం ఆవరణలో నిలబడి, మూడు అగరొత్తులు నుదుటికి ఆనించుకుని బుద్ధుడికి మొక్కుతోంది. గాలి వసారా వైపు ఉంది. పొగ మెల్లగా లోపలికి వచ్చి స్తంభం చుట్టూ తిరిగింది. కెమెరా ఎత్తి అదీ తీసి అమ్మకి పంపాను.