నెల్లూరులో నూనె తలంటు

పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో ఒంగోలు నుంచి నెల్లూరికి వెళ్లడం నాకు కొత్త కాదు. మాగుంట లేఅవుట్‌లో ఉండే మా చెల్లెలు, ఫోన్లో నా మెడనొప్పి గోల వినలేక, దగ్గరలోని ఒక ఆయుర్వేద స్పాలో నా పేరున మధ్యాహ్నం ఒంటిగంటకు సమయం తీసుకోవడమే కొత్త. సంక్రాంతి వెళ్లిన వారం అది.

"అక్కా, నెల్లూరు వచ్చి చేపల పులుసు తినకుండా పోతావా?" అంటూ ముందురోజు రాత్రే కాచి ఉంచిన పులుసు వడ్డించింది. మామిడికాయ దొరికే కాలం కాకపోయినా ఎక్కడో రెండు ముక్కలు సంపాదించి వేసింది. నిలవ ఉన్న పులుసు రుచి తెలిసినవారెవరూ ఆ పూట నేను రెండోసారి అన్నం పెట్టించుకున్నందుకు తప్పుపట్టరు. స్పావారు మాత్రం తప్పుపట్టారు.

లోపలికి వెళ్లగానే ఒక కాగితం ఇచ్చి రక్తపోటు, మధుమేహం, పాత ఆపరేషన్లు, చర్మానికి పడనివి అన్నీ రాయమన్నారు. ఆ తరువాత మర్దన చేసే అమ్మాయి, "భోజనం ఎప్పుడు చేశారమ్మా?" అని అడిగింది. ముప్పావుగంట అయిందని చెప్పగానే, నిండు కడుపు మీద మర్దన చేస్తే వికారం పుడుతుందనీ, కనీసం రెండు గంటలైనా గడవాలనీ చెప్పి నన్ను ముందుగదిలో కూర్చోబెట్టింది. ఈ ఒక్క మాట ఫోన్లోనే చెప్పి ఉంటే పులుసును రాత్రికి దాచుకునేదాన్ని కదా! మెత్తని కుర్చీలో, వేణునాదం వింటూ, పులుసు త్రేన్పులను అణచుకుంటూ గంటకు పైగా గడిపాను. మంచినీళ్లు బాగా తాగమని వాళ్లు చెప్పినా, ఆవిరి ముందు అవి ఎంత అవసరమో నాకు అప్పుడు తెలియలేదు.

నగలన్నీ చెల్లెలి ఇంట్లోనే తీసి రావలసింది. నల్లపూసల గొలుసును చేతిరుమాలులో కట్టి సంచిలో పెట్టి, మనసంతా ఆ సంచి మీదే ఉంచుకుని చెక్కబల్ల మీద పడుకున్నాను. వాళ్లిచ్చిన కాగితపు గుడ్డ కట్టుకోవడానికి సిగ్గుపడ్డాను గానీ, మర్దన చేయని భాగమంతా దుప్పటితో కప్పే ఉంచారు. మూలికలు వేసి కాచిన గోరువెచ్చని నువ్వుల నూనె వాసన తగలగానే మా నాయనమ్మ గుర్తుకొచ్చింది. దీపావళి తెల్లవారుజామున పీట మీద కూర్చోబెట్టి మాడు అదిరేలా నూనె పట్టించే ఆమె చేతికి, మేం ఏడ్చినా జాలి ఉండేది కాదు. ఈ అమ్మాయి మాత్రం ప్రతిచోటా "గట్టిగా ఉందా అమ్మా?" అని అడిగింది. మొహమాటపడి మొదట ఊరుకున్నాను. మెడ దగ్గరకు వచ్చేసరికి తగ్గించమని చెప్పక తప్పలేదు. చివరిలో, తలకు వేడి తగలకుండా బయటే ఉంచే చెక్కపెట్టెలో కూర్చోబెట్టి పది నిమిషాలు ఆవిరి పట్టారు.

బిల్లు 2,800 రూపాయలు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి సేవల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది కదా అంటే, అసలు ధర పెరిగిందన్నారు. నాయనమ్మ సున్నిపిండితో సహా ఉచితంగా చేసిన పని ఇది.

వెంటనే తలస్నానం చేయవద్దనీ, చల్లగాలి తగలనీయవద్దనీ చెప్పి పంపారు. తీరా సాయంత్రపు పినాకిని వెళ్లిపోయింది. ఆర్టీసీ బస్సులో దొరికిన ఒక్క సీటుకు ఎదురుగా ఉన్న కిటికీ అద్దం మూసుకోదు. కావలి దాటేసరికి చలిగాలి చెవుల్లో దూరుతుంటే, నూనె ఓడుతున్న తలకు తువ్వాలు బిగించి, చీరకొంగు చుట్టూ కప్పుకున్నాను. టికెట్లు సరిచూసుకుంటూ వచ్చిన కండక్టరు కాసేపు నా వంక చూసి, "జ్వరమా అమ్మా?" అని అడిగి, ముందు వరుసలోని తన సీటు నాకు ఇచ్చాడు. అవునన్నాను.