ఐదో నెలలో ఎంఆర్ఎన్ఏ టీకా: నా అనుభవం

2021 మార్చి 29 నుంచి టెక్సాస్‌లో పెద్దవాళ్లందరికీ కోవిడ్ టీకా ఇస్తామన్నారు. మేం డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం. అప్పటికి నాకు ఐదో నెల. గుంటూరు నుంచి అమ్మ రోజూ వీడియో కాల్‌లో ఒకటే మాట: "కడుపుతో ఉన్నదానివి, నిన్నగాక మొన్న వచ్చిన మందు నీకెందుకే? ఇల్లు కదలకుండా ఉండు, చాలు."

అమ్మ భయాన్ని నేను కొట్టిపారేయలేదు. ఆవిడ అడిగింది సరైన ప్రశ్నే. ఎంఆర్ఎన్ఏ టీకాలైన ఫైజర్, మోడెర్నాలను మనుషుల మీద పరీక్షించిన పెద్ద ట్రయల్స్ రెండిట్లోనూ గర్భిణులను చేర్చుకోలేదు. నాలాంటి వాళ్ల మీద పరీక్షించి చెప్పిన లెక్కలంటూ అప్పటికి లేవు.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తాను. ఎవరైనా 'బాగా పనిచేస్తోంది' అంటే రిపోర్ట్ చూపించమని అడగడం అలవాటు. అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ అందరికీ అందుబాటులో పెట్టిన ఫైజర్ ట్రయల్ పత్రాన్ని దింపుకుని రెండు రాత్రులు చదివాను. సుమారు 43 వేల మందిలో సగం మందికి టీకా, సగం మందికి ఉత్త సెలైన్, అంటే మందు లేని ఉప్పునీరు. రెండో డోసు వేసిన వారం తర్వాత లక్షణాలతో కోవిడ్ వచ్చినవాళ్లు 170 మంది. వాళ్లలో 162 మంది సెలైన్ వైపు, 8 మంది టీకా వైపు. 95 శాతం అన్నది ఇక్కడి నుంచి వచ్చింది. టీకా వేయించుకున్న వందమందిలో ఐదుగురికి జబ్బు వస్తుందని చాలామంది అనుకున్నారు, నేనూ మొదట అలాగే అనుకున్నాను. అది కాదు. సెలైన్ వాళ్లతో పోలిస్తే టీకా వాళ్లకు జబ్బు వచ్చే అవకాశం 95 శాతం తగ్గిందని దానర్థం.

ఆ పత్రంలో ఒక గ్రాఫ్ ఉంది. రెండు వైపులా కోవిడ్ వచ్చినవాళ్ల సంఖ్య చూపే రెండు గీతలు. మొదటి డోసు వేసిన దగ్గర్నుంచి పన్నెండు రోజుల దాకా రెండూ ఒకదాని మీద ఒకటి పడి, పైకి పోతూ ఉంటాయి. తర్వాత సెలైన్ వాళ్ల గీత అలాగే ఎక్కుతూ పోతుంది. టీకా వాళ్ల గీత పక్కకు తిరిగి దాదాపు నేలబారుగా సాగిపోతుంది. ల్యాప్‌టాప్‌ను అలాగే ఎత్తి మా ఆయనకు చూపించాను. ఎన్ని వ్యాసాలు చదివినా రాని ధైర్యం నాకు ఆ గీత విడిపోయిన చోట వచ్చింది.

అమ్మకు గ్రాఫులు పనికిరావు. ఆవిడకు ఎవరో పంపిన వాట్సాప్ మెసేజ్‌లో ఇది జన్యువులనే మార్చేస్తుందని ఉంది. "పెళ్లిలో వంటమాస్టరుకు చీటీ రాసిస్తాం కదమ్మా, ఈ ఎంఆర్ఎన్ఏ కూడా అంతే. వైరస్ మీదుండే ముల్లు ఒక్కటి చేసి చూపించమని కణానికి ఇచ్చే చీటీ. ఆ ముల్లును చూసి ఒళ్లు ముందే తయారవుతుంది. చీటీని కణమే కొద్ది రోజుల్లో ముక్కలు చేసేస్తుంది. జన్యువులుండే కేంద్రకం గదిలోకి అది పోనే పోదు" అన్నాను. కాసేపు ఆలోచించి "మరి బిడ్డకో?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

అదే ప్రశ్న మా గైనకాలజిస్ట్‌ను అడిగాను. ఆవిడ దాచకుండా చెప్పారు: గర్భిణుల మీద ట్రయల్ సమాచారం ఇంకా లేదు. కానీ గర్భంతో ఉండగా కోవిడ్ ముదిరితే ఐసీయూ, వెంటిలేటర్ దాకా వెళ్లే ప్రమాదం మామూలు ఆడవాళ్లకన్నా ఎక్కువన్నది మాత్రం తెలుసు. ఇందులో బతికున్న వైరస్ ఉండదు. నిర్ణయం నీదే. 'ఇది తెలుసు, ఇది తెలియదు' అని విడదీసి చెప్పినందుకే ఆవిడను నమ్మాను.

ఏప్రిల్ 1న అపాయింట్‌మెంట్. కౌంటర్ దగ్గర మనిషి నా పొట్ట చూసి, డాక్టర్ ఉత్తరం లేనిదే వేయమన్నారు. అలాంటి నిబంధన లేదని ఫోన్‌లో చూపించినా వినలేదు. పార్కింగ్‌లో కారెక్కి ఏడ్చేశాను. ఇంత చదివి, ఇంత మథనపడి వచ్చిన మనిషిని ఒక్క మాటతో వెనక్కి పంపితే, మళ్లీ వచ్చే ఓపిక ఎందరికి ఉంటుంది? నాలుగు రోజుల తర్వాత వేరే ఫార్మసీలో దొరికింది. చిన్నప్పుడు పెన్సిలిన్ ఇంజెక్షన్‌కు వెంటనే దద్దుర్లు వచ్చిన సంగతి చెబితే, అందరినీ పదిహేను నిమిషాలు కూర్చోబెడుతున్న చోట నన్ను ముప్పై నిమిషాలు కూర్చోమన్నారు. అరుదుగా వచ్చే తీవ్రమైన అలర్జీ సాధారణంగా ఆ కాసేపట్లోనే బయటపడుతుందట. గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. చెయ్యి నొప్పి తప్ప ఏమీ కాలేదు.

రెండో డోసు అలా కాదు. రాత్రి పదకొండింటికి వణుకు మొదలై, రెండింటికల్లా జ్వరం 101 దాటింది. గర్భంతో ఉన్నప్పుడు జ్వరాన్ని అలా వదలకూడదని డాక్టర్ ముందే చెప్పారు కాబట్టి టైలెనాల్ (పారాసిటమాల్) వేసుకున్నాను. మర్నాడు సాయంత్రానికి తగ్గింది. ఆ రాత్రి మాత్రం బిడ్డ కదలికలు లెక్కపెట్టుకుంటూ పడుకున్నాను.

ఆ ముందు వారమే ఒక అధ్యయనం వచ్చింది. నాకంటే ముందు టీకా వేయించుకున్న 35,691 మంది గర్భిణుల వివరాలు. ఆందోళన పడాల్సిన సూచనలేవీ కనబడలేదన్నారు. అప్పటికి కాన్పయినవాళ్లలో ఎక్కువమంది చివరి మూడు నెలల్లో వేయించుకున్నవాళ్లే, కాబట్టి అన్ని ప్రశ్నలూ తీరలేదు. అయినా నా ముందు అంతమంది నడిచారన్నది పెద్ద ఊరట.

సరిగ్గా అప్పుడే ఊళ్లో రెండో వేవ్. పెదనాన్నకు ఆక్సిజన్ బెడ్ కోసం రెండు రోజులు తిరిగారు. దొరికేసరికి ఆయన లేరు. ఆ రాత్రి అమ్మ ఫోన్ చేసి, "నువ్వు వేయించుకున్నావు, అదొక్కటే నాకు నిశ్చింత" అంది.

జూన్‌లో ఎఫ్‌డీఏ గుండె కండరాల వాపు గురించి హెచ్చరిక చేర్చింది. అరుదే, కానీ కుర్రాళ్లలో, అదీ రెండో డోసు తర్వాత కొద్ది రోజుల్లో ఎక్కువగా కనిపించింది. మా మరిదికి ఇరవై రెండేళ్లు, ఆ వారమే రెండో డోసు. అంతా చదువుకునే వేయించుకున్నాడు. నాలుగు రోజులు పొద్దునా సాయంత్రం ఫోన్ చేసి, ఛాతీలో నొప్పి ఉందా, ఆయాసం ఉందా అని అడిగాను. ఏమీ లేదు. ఇలాంటివి బయటపెట్టి చెబితే జనం భయపడతారని కొందరంటారు. నాకైతే చెప్పినందుకే నమ్మకం పెరిగింది.

ఆగస్టులో పాప పుట్టింది. ఇండియా నుంచి ప్రయాణాల మీద ఆంక్షలుండటంతో పురుడుకు అమ్మ రాలేకపోయింది. ఆవిడ వేయించుకున్నది హైదరాబాద్‌లో తయారైన కోవాగ్జిన్. దానికి నవంబర్ 3న డబ్ల్యూహెచ్‌ఓ అనుమతి వచ్చింది, 8 నుంచి టీకా వేసుకున్నవాళ్లను అమెరికా రానిచ్చింది. సున్నుండల డబ్బా మీద సర్టిఫికెట్ జిరాక్సులు రెండు పెట్టుకుని అమ్మ దిగింది.

95 శాతం ఎప్పటికీ అలాగే నిలవదని కొత్తగా వచ్చిన డెల్టా రకం వైరస్ అప్పటికే చూపించింది. వైరస్ మారుతోంది, యాంటీబాడీలు తగ్గుతున్నాయి, తీవ్రమైన జబ్బు నుంచి రక్షణ మాత్రం ఎక్కువగా నిలుస్తోంది. డిసెంబర్‌లో బూస్టర్‌కు అదే ఫార్మసీకి వెళ్లాను. పాపను ఒళ్లో పెట్టుకుని అమ్మ పక్కన కూర్చుంది. పదిహేను నిమిషాలకు నేను లేవబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "నీకు ముప్పై అన్నారుగా, కూర్చో."