ఏ కోడ్ ఆడతాడు మీవాడు?

సిడ్నీకి వచ్చిన రెండో ఏడు అనుకుంటా. ఆఫీసు కిచెన్‌లో టీ కలుపుకుంటుంటే మా టీములో ఒక పెద్దాయన పలకరింపుగా అడిగాడు, మీవాడు ఏ కోడ్ ఆడతాడని. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. కోడ్ అంటే నాకు తెలిసింది ఒకటే, ప్రోగ్రామింగ్. "ఇంకా చిన్నవాడండీ, ఇప్పుడే స్క్రాచ్‌తో మొదలుపెట్టాడు" అన్నాను. ఆయన కప్పు పట్టుకుని కాసేపు నా మొహం చూసి, మర్యాదగా నవ్వి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం మా ఆయన చెబితే గానీ అర్థం కాలేదు. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే ఒక ఆట కాదు, నాలుగు. రగ్బీ లీగ్, రగ్బీ యూనియన్, ఆస్ట్రేలియన్ రూల్స్, సాకర్. ఒక్కొక్కదాన్ని ఒక కోడ్ అంటారు. మా సిడ్నీలో "ఫుటీ" అంటే లీగ్. మెల్‌బోర్న్‌లో అదే మాట అంటే ఆస్ట్రేలియన్ రూల్స్, అంటే ఏఎఫ్‌ఎల్. దేశాన్ని అటూ ఇటూ విడదీసే ఈ ఊహారేఖకు 1978లో ఇయాన్ టర్నర్ అనే చరిత్రకారుడు రాన్ బరాసీ అనే ఆటగాడి పేరు మీద బరాసీ లైన్ అని పేరు పెట్టాడు. మన దగ్గర గోంగూర, పుంటికూర లాంటిదన్నమాట. కాకపోతే కూర విషయంలో మనం ఇంత పట్టుదలకు పోము.

మేముండేది పశ్చిమ సిడ్నీలో, టూంగాబీ దగ్గర. చుట్టుపక్కల పెండిల్ హిల్, వెంట్‌వర్త్‌విల్, వెస్ట్‌మీడ్ అన్నీ తెలుగువాళ్ళే. కరివేపాకు కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. కానీ ఈ నేలకి మా కంటే ముందే ఒక లీగ్ జట్టుంది, పరమట్టా ఈల్స్. 1986 తర్వాత వాళ్ళకి కప్పు రాలేదు. అయినా పసుపు, నీలం జెండాలు ప్రతి సీజన్‌లో గేట్లకి వేలాడుతూనే ఉంటాయి. అంత ఓపిక దేవుడి విషయంలో కూడా చూడలేదు నేను.

మావాడికి పదకొండేళ్ళు. నాలుగేళ్ళు సాకర్ ఆడాడు. మన పిల్లలందరూ ఆడేది అదే, లేదంటే క్రికెట్. పోయినేడు ఒకరోజు వచ్చి, "అమ్మా, నేను లీగ్ ఆడతాను" అన్నాడు. పక్కింట్లో పసిఫిక్ ద్వీపదేశం టాంగా నుంచి వచ్చిన కుటుంబంలో ఇద్దరు అబ్బాయిలున్నారు, వాళ్ళు ఆడతారు. వీధి చివర గడ్డిలో ముగ్గురూ ఎప్పుడూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి దొర్లుతుంటారు.

నేను వెంటనే వద్దన్నాను. దెబ్బలు తగులుతాయి, తలకి తగిలితే జీవితాంతం ఉంటుంది, చదువు పోతుంది. అన్నీ నిజాలే. తలకి తగిలే దెబ్బల గురించి ఇక్కడి డాక్టర్లు, పాత ఆటగాళ్ళు మాట్లాడుతూనే ఉన్నారు. కానీ ఆ నిజాల వెనక ఇంకొకటుంది. అది నాకు మా హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడి పార్కింగ్‌లో బయటపడింది.

అక్కడ ఒక తెలుగాయన కలిశాడు. వాళ్ళబ్బాయికి సెలెక్టివ్ పరీక్షలో, అంటే ఇక్కడి ప్రభుత్వ బడుల ప్రవేశ పరీక్షలో, మంచి బడిలో సీటొచ్చింది. "ఆటలేమిటండీ?" అని అడిగితే గర్వంగా "రగ్బీ" అన్నాడు. "లీడర్‌షిప్ వస్తుందండీ. పెద్ద పెద్ద ఇళ్ళ పిల్లలతో పరిచయాలు కూడాను." నేను తలూపి, "చాలా మంచిదండీ" అన్నాను. కారెక్కాక వెనక సీట్లోంచి మావాడు అడిగాడు, "వాళ్ళకైతే మంచిదా? నాకైతే డేంజరా?"

ఆయన చెప్పింది యూనియన్, నువ్వు అడిగేది లీగ్, రెండూ వేరు అన్నాను. వేరే. పదిహేను మంది ఒకటి, పదమూడు మంది ఇంకొకటి. రెండిట్లోనూ కోడిగుడ్డు ఆకారం బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తడమే. కానీ పడేది ఒకటే నేల, తగిలేవి అవే దెబ్బలు. తేడా దెబ్బలో లేదు, ఎవరు కొడతారన్న దాంట్లో ఉంది.

ఆ తేడా ఎక్కడ మొదలైందో తర్వాత చదివాను. 1895లో ఇంగ్లండ్ ఉత్తరాన గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్ళు ఆడే క్లబ్బులు ఒక మాట అడిగాయి. శనివారం ఆటకొస్తే ఆ పూట కూలి పోతోంది, అది ఇవ్వండి అని. ఆటకి డబ్బు తీసుకోవడం మర్యాద కాదన్నారు పెద్దమనుషులు. కూలి పోయినా ఫరవాలేని వాళ్ళకే ఆ మర్యాద సాధ్యం కదా. అలా విడిపోయారు. సిడ్నీలో 1907లో అదే జరిగింది. గాయపడి పనికి పోలేకపోయిన ఆటగాళ్ళని పట్టించుకోలేదన్న కోపంతో కొందరు వేరుపడ్డారు. వాళ్ళని కూడగట్టినవాళ్ళలో విక్టర్ ట్రంపర్ ఒకడు, అవును, ఆ క్రికెట్ ట్రంపరే. 1908లో లీగ్ పోటీలు మొదలయ్యాయి. సౌత్ సిడ్నీ, బాల్‌మెయిన్, న్యూటౌన్ లాంటి కూలీల పేటలు అటు వెళ్ళాయి. ఖరీదైన ప్రైవేటు బడులు యూనియన్‌తోనే ఉండిపోయాయి. ఆ బడుల సంఘానికి గ్రేట్ పబ్లిక్ స్కూల్స్ అని పేరు. పేరులో పబ్లిక్ అనే ఉంటుంది, ఫీజు చూస్తే గుండె ఆగుతుంది. అందులో ప్రభుత్వ బడి ఒక్కటే, సిడ్నీ బాయ్స్ హై. అది సెలెక్టివ్. మన తల్లిదండ్రుల కలల జాబితాలో పైన ఉండే బడి. ఇంకేం కావాలి, అక్కడ ఆడితే రగ్బీ కూడా ట్యూషన్ లాంటిదైపోతుంది!

మా మామయ్యగారు సికింద్రాబాద్ లాలాగూడ నుంచి వచ్చి మాతో ఆరు నెలలున్నారు. రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఒక శుక్రవారం రాత్రి టీవీలో లీగ్ మ్యాచ్ చూస్తూ, "ఇది కబడ్డీ లెక్కనే ఉన్నదమ్మా. బాల్ ఒక్కటి ఎక్కువ" అన్నారు. ఆరుసార్లు మనల్ని పట్టుకునే దాకా బంతి మనదే, తర్వాత అవతలివాళ్ళకి ఇచ్చెయ్యాలి అని మనవడు వివరిస్తే, అర్థమైందిరా అని కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

కబడ్డీ అనగానే నాకు మా తెనాలి గుర్తొచ్చింది. మేం చెడుగుడు అనేవాళ్ళం. కాలవ గట్టు మీద సాయంత్రాలు ఆడేవాళ్ళు. మా అన్నయ్య ఒకసారి అక్కడ ఆడి మోకాలు చెక్కుకుని వచ్చాడు. మా నాన్న మోకాలు చూడలేదు. "ఆ పిల్లలతో నీకేం ఆటలురా?" అన్నాడు. వారం తిరక్కుండా షటిల్ బ్యాటు కొనిచ్చాడు. ఆ మాటలో కులం ఉంది, డబ్బుంది, రేపు ఎవరి పక్కన నిలబడాలన్న లెక్కుంది. మోకాలు మటుకు లేదు. సముద్రాలు దాటి వచ్చి నేను మావాడికి కొనిచ్చిన సాకర్ బూట్లు ఆ షటిల్ బ్యాటే.

విచిత్రం ఏమిటంటే, సాకర్ ఇక్కడ పెద్దింటి ఆటగా పుట్టలేదు. యుద్ధం తర్వాత వచ్చిన ఇటాలియన్లు, గ్రీకులు, క్రొయేషియన్లు తమ క్లబ్బులతో దాన్ని నిలబెట్టారు. మార్కోనీ, సిడ్నీ ఒలింపిక్, సిడ్నీ యునైటెడ్ అలా వచ్చినవే. దాన్ని వెక్కిరిస్తూ "వాగ్‌బాల్" అనేవారు. వలస వచ్చినవాళ్ళని తిట్టే మాట అది. ఇప్పుడేమో పిల్లలు ఎక్కువగా ఆడేది అదే, టీవీ డబ్బు తక్కువగా వచ్చేదీ అదే. ఆ లోటు ఎక్కడ పూడుస్తారో ఫీజు కట్టే మాలాంటి వాళ్ళకి తెలుసు. పక్కింటి పిల్లల లీగ్ ఫీజు మా ఫీజులో సగం కూడా లేదు.

మామయ్యగారు ఇంకో కథ చెప్పారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ సాకర్‌లో ఇండియా ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి సెమీఫైనల్‌కి వెళ్ళింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్. జట్టులో అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఉన్నాడు. మావాడు నమ్మలేదు. ఫోన్‌లో వెతికి చూసి, "తాతా, నిజమే!" అని అరిచాడు. మర్నాడు బడిలో ఎవరికి చెప్పినా నమ్మలేదట.

ఇక డబ్బు సంగతి. మనకి కెర్రీ ప్యాకర్ అంటే రంగు బట్టల క్రికెట్ మొదలుపెట్టిన మనిషి. ఆ ప్యాకర్‌కీ, పత్రికల రూపర్ట్ మర్డాక్‌కీ 1995లో ఈ లీగ్ కోసమే యుద్ధం జరిగింది. అప్పుడే కేబుల్ టీవీ వస్తోంది. కనెక్షన్లు అమ్మాలంటే ఆట కావాలి. మర్డాక్ మనుషులు ఆటగాళ్ళకి కలలో కూడా ఊహించని చెక్కులిచ్చి సూపర్ లీగ్ అని వేరే కుంపటి పెట్టారు. 1997లో రెండు పోటీలు, రెండు కప్పులు. ఊళ్ళో రెండు వర్గాలు చెరో రామాలయం కట్టి చెరో కల్యాణం చేసినట్టు. జనానికి విసుగొచ్చింది, డబ్బు కరిగిపోయింది, 1998లో మళ్ళీ ఒకటయ్యారు. కానీ జట్లు ఎక్కువైపోయాయి, తగ్గించాలన్నారు. 1908 నుంచీ ఉన్న సౌత్ సిడ్నీని 1999 సీజన్ తర్వాత తీసేశారు. జనం వేలకి వేలు వీధుల్లోకి వచ్చారు, క్లబ్ కోర్టుకెక్కింది, 2002లో మళ్ళీ మైదానంలోకి దిగింది. బాల్‌మెయిన్, వెస్టర్న్ సబర్బ్స్ మాత్రం కలిసిపోయి బతకాల్సొచ్చింది. వెస్టర్న్ సబర్బ్స్ అంటే ఒకప్పుడు ఫైబ్రోల జట్టు. ఫైబ్రో అంటే చవక ఆస్‌బెస్టాస్ రేకుల ఇళ్ళు. సముద్రం ఒడ్డున ఉండే మాన్లీ వాళ్ళేమో సిల్వర్‌టెయిల్స్, అంటే ధనికులు. మా ఇల్లూ అటువంటి పాత ఫైబ్రో ఇల్లు పడగొట్టి కట్టిన డూప్లెక్సే. అప్పు మాత్రం సిల్వర్‌టెయిల్ స్థాయిలో ఉంది.

యూనియన్ కూడా తన మర్యాదని 1995లోనే పక్కన పెట్టి, మర్డాక్ డబ్బుతోనే ప్రొఫెషనల్ ఆట అయింది. వందేళ్ళు కూలి అడిగినవాళ్ళని తప్పు పట్టి, చివరికి అదే చేసింది. ఈమధ్య జోసెఫ్ సువాలీ అనే కుర్రాడిని లీగ్ నుంచి యూనియన్‌కి తెచ్చుకున్నారు. ఏడాదికి 16 లక్షల డాలర్ల దాకా అని పత్రికలు రాశాయి. అతను చదివింది మా పక్క పరమట్టాలోని కింగ్స్ స్కూల్‌లో, ఆ పెద్ద ఫీజుల బడుల్లో ఒకటి. పశ్చిమ సిడ్నీలో బాగా ఆడే ద్వీపవాసుల పిల్లాడు కనబడితే చాలు, ఆ బడులు స్కాలర్‌షిప్పులిచ్చి తీసుకెళతాయి. అంటే మనం పరీక్ష రాసి ఎక్కే గోడని ఆ పిల్లలు భుజాలతో ఎక్కుతారు. మన దారి ఒక్కటే దారి అనుకోవడం కూడా ఒక పొగరే.

ఏఎఫ్‌ఎల్ దగ్గర అందరికంటే ఎక్కువ డబ్బుంది. 2025 నుంచి ఏడేళ్ళకి 450 కోట్ల డాలర్ల టీవీ ఒప్పందం. ఆ బలంతోనే 2012లో పశ్చిమ సిడ్నీలో జెయింట్స్ అని కొత్త జట్టు పెట్టారు. పేరు తెచ్చుకోవడానికి లీగ్ స్టార్ ఇజ్రాయెల్ ఫోలావుని కొన్నారు. అతను ఏఎఫ్‌ఎల్‌లో ఒకే సీజన్ ఆడి యూనియన్‌కి వెళ్ళిపోయాడు. మెల్‌బోర్న్‌లో మా బాబాయి కొడుకు ఇంట్లో మాత్రం వేరే లోకం. అక్కడ గ్రాండ్ ఫైనల్ ముందురోజు ప్రభుత్వ సెలవు. "మాకిది దసరా అక్కా" అంటాడు వాడు. డాక్టరూ, ప్లంబరూ పక్కపక్కన కూర్చుని ఒకే జట్టు కోసం గొంతు చించుకుంటారట. పూర్తిగా నమ్మను గానీ, సిడ్నీ కంటే నయమే అనిపిస్తుంది.

మా చిన్నదానికి ఈ గొడవేమీ లేదు. 2023 ఆగస్టులో మటిల్డాస్, అంటే ఆస్ట్రేలియా ఆడవాళ్ళ సాకర్ జట్టు, ఇంగ్లండ్‌తో ఆడిన ప్రపంచకప్ సెమీఫైనల్ ఈ దేశంలో సగటున 71 లక్షల మంది చూశారు. ఓడిపోయాం. సామ్ కెర్ గోల్ కొట్టిన క్షణంలో అది సోఫా మీంచి దూకింది, మర్నాటి నుంచి సాకర్ తన ఆట. దాన్ని ఎవరూ ఏ తరగతి ఆట అని అడగలేదు, నాతో సహా.

మావాడి సంగతి మాత్రం తేలలేదు. నేను రోజుకో కారణం చెబుతూ వచ్చాను. చివరికి ఒక రాత్రి అన్నం తింటూ, తెలుగూ ఇంగ్లీషూ కలిపి వాడే అడిగాడు, "అమ్మా, గేమ్ డేంజరా, వాళ్ళు డేంజరా?"

మా ఆయన కంచంలోంచి తలెత్తలేదు. నేను పెరుగు తేవడానికి లేచాను. ఫ్రిజ్ తలుపు తీసి చాలాసేపు నిలబడ్డాను.

ఆ ఆదివారం పక్కింటికెళ్ళి వాళ్ళమ్మని అడిగాను, క్లబ్‌లో ఎవరితో మాట్లాడాలని. ఆవిడ వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ చేసి వచ్చింది, కళ్ళు మూతలు పడుతున్నాయి. అయినా కూర్చోబెట్టి అన్నీ చెప్పింది. మౌత్‌గార్డ్ దంతాల డాక్టర్ దగ్గరే చేయించు, షాపులో కొన్నవి నిలవవు అంది. తలకి తగిలితే ఎన్ని వారాలు ఆటకి పంపకూడదో, కోచ్ ఒప్పించబోయినా ఎలా గట్టిగా ఉండాలో చెప్పింది. నా భయాలన్నీ ఆవిడకీ ఉన్నాయి. నాకంటే పదేళ్ళ ముందు నుంచీ ఉన్నాయి. ఆ మాట నేను ఒక్కసారైనా అనుకోలేదు.

ఇప్పుడు శనివారం పొద్దున్నే ఒకే కారులో ముగ్గురు అబ్బాయిలు. తగిలితే ఆపేస్తానని షరతు పెట్టాను, ఆ షరతు ఇంకా ఉంది. మొదటి మ్యాచ్‌లో వాడు కింద పడ్డ ప్రతిసారీ నేను లేచి నిలబడ్డానట, వాడే లెక్కపెట్టాడు.

తెనాలికి వీడియో కాల్ చేసినప్పుడు మా అమ్మ అడిగింది, మోచేతి మీద ఆ గీతలేమిటని. "ఫుట్‌బాల్ ఆడుతున్నాడమ్మా" అన్నాను. "మంచిదే, గుండ్రంగా ఉంటుంది, కాలితో తంతారు, అదేగా" అంది. మావాడు నా వైపు చూశాడు. అదేనమ్మా అన్నాను.