సగం కోర్టు చాలదన్న కోచ్ పాట్ సమిట్

అమెరికాలో ఒకప్పుడు ఆడపిల్లల బాస్కెట్‌బాల్ వేరే ఆట. నిజంగానే వేరే. జట్టుకి ఐదుగురు కాదు, ఆరుగురు. అందులో ముగ్గురు కోర్టులో ఈ సగంలోనే ఉండాలి, మిగతా ముగ్గురు ఆ సగంలోనే ఉండాలి, మధ్య గీత ఎవరూ దాటకూడదు. ఇటువైపు ముగ్గురు గార్డుల పని డిఫెన్స్ ఒక్కటే, బంతి చేతికి చిక్కితే గీత దాకా తెచ్చి అవతలి వాళ్ళకి అందించెయ్యడమే, అంటే హైస్కూల్ చదువంతా జట్టులో ఉండి కూడా మ్యాచ్‌లో ఒక్కసారి బుట్టలోకి బంతి వెయ్యకుండానే బయటికొచ్చే అమ్మాయిలు ఉండేవాళ్ళు. ఎందుకిలా అంటే, కోర్టు మొత్తం పరిగెడితే ఆడపిల్లల ఒంటికి మంచిది కాదట. టెనెసీ రాష్ట్రం హైస్కూళ్ళలో 1979 దాకా ఇదే ఆట. అయోవాలో 1993 దాకా, ఓక్లహోమాలో అయితే 1995 దాకా నడిచింది, అంటే మనం దూరదర్శన్‌లో శుక్రవారం చిత్రలహరి చూస్తున్న రోజుల్లో కూడా అక్కడ కొందరు అమ్మాయిలు సగం కోర్టులోనే ఆడుతున్నారు.

నవ్వడానికి మనకేం హక్కు లేదులెండి. మా స్కూల్లో పీటీ పీరియడ్ అంటే మగపిల్లలకి గ్రౌండంతా, మాకు ఒక మూల టెన్నికాయిట్ రింగు. "ఎండలో నల్లబడిపోతారే" అని మేడమ్ ప్రేమగానే అనేది.

సరే, అసలు విషయం. 1976లో టెనెసీలోని ఓక్ రిడ్జ్ అనే ఊళ్ళో గార్డుగా ఆడే ఒక హైస్కూల్ అమ్మాయి ఈ రూల్ మీద ఫెడరల్ కోర్టుకెక్కింది. జీవితంలో షూట్ చెయ్యనిదాన్ని ఏ కాలేజీ స్కాలర్‌షిప్ ఇచ్చి తీసుకుంటుంది అన్నది ఆ అమ్మాయి బాధ. ఆ పిల్ల తరఫున సాక్ష్యం చెప్పినవాళ్ళలో టెనెసీ యూనివర్సిటీ మహిళల జట్టు కోచ్ ఉంది, వయసు పాతిక కూడా లేదు, పేరు పాట్ హెడ్. 1980లో పెళ్ళయ్యాక ప్రపంచానికంతా పాట్ సమిట్ అయింది. మీరు ఇలాగే ఆడిస్తూ ఉంటే నాకు కావాల్సిన పిల్లల్ని బయటి రాష్ట్రాల నుంచి తెచ్చుకుంటాను అని కూడా ఆవిడ చెప్పేది. ఊళ్ళో అందరికీ ఇష్టమైన ఆట మీద, ఉద్యోగంలో చేరిన కొత్తలో, అలా మాట్లాడ్డానికి ధైర్యం కావాలి. ఆ కేసు కింది కోర్టులో గెలిచి పై కోర్టులో ఓడిపోయింది, అయినా రెండేళ్ళకే రాష్ట్రంలో స్కూళ్ళ ఆటలు నడిపే సంఘం తనంతట తానే ఐదుగురి ఆటకి మారింది. ఆవిడ గురించి రాసేవాళ్ళంతా ట్రోఫీలతో మొదలుపెడతారు. నాకైతే ఆవిడ ముప్పై ఎనిమిదేళ్ళ ఉద్యోగమంతా ఈ సాక్ష్యంలోనే ఉందనిపిస్తుంది. ఆడపిల్లలే కదా అని ఎవరైనా తగ్గించి అడిగితే ఆవిడకి ఒళ్ళు మండేది.

ఎక్కడి నుంచి వచ్చిందీ ఈవిడ? 1952లో టెనెసీలో ఒక రైతు కుటుంబంలో పుట్టింది. పైన ముగ్గురు అన్నలు, కింద ఒక చెల్లెలు. పాడి, గడ్డి మోపులు, పొగాకు. ఒంగోలు, కందుకూరు వైపు వాళ్ళకి పొగాకు పనంటే ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. తండ్రి మాటలు తక్కువ, పని ఎక్కువ రకం మనిషి, కూతురని పనిలో తేడా చూపించలేదు. రాత్రి పూట గడ్డి దాచే కొట్టం అటక మీద అన్నలతో బాస్కెట్‌బాల్. ఊళ్ళో స్కూల్లో ఆడపిల్లల జట్టు లేదని తెలిసి ఆ తండ్రి ఏం చేశాడంటే, జట్టు ఉన్న స్కూల్ పరిధిలోకి ఇల్లే మార్చేశాడు. అన్నలకి ఆటల స్కాలర్‌షిప్పులు వచ్చాయి, ఈవిడకి రాలేదు, అప్పట్లో అమ్మాయిలకి అలాంటివి లేవు కాబట్టి ఇంట్లోవాళ్ళే ఫీజు కట్టి మార్టిన్‌లోని యూనివర్సిటీలో చదివించారు.

1974లో టెనెసీ యూనివర్సిటీ ఉన్న నాక్స్‌విల్ వచ్చింది, ఎం.ఎస్. చేస్తూ కోచ్‌కి సహాయకురాలిగా ఉండటానికి. తీరా చూస్తే ఉన్న కోచ్ చదువు కోసం సెలవు మీద వెళ్ళిపోయింది. ఇరవై రెండేళ్ళ పిల్లకి మొత్తం జట్టు అప్పజెప్పారు. జట్టులో కొందరు తనకంటే ఏడాదే చిన్న. జీతం నెలకి 250 డాలర్లు. వ్యాన్ తనే నడిపేది, జెర్సీలు తనే ఉతికేది, ఆ జెర్సీలు కూడా అంతకుముందు ఏడాది డోనట్లు అమ్మి పోగేసిన డబ్బుతో కొన్నవి. బయటి ఊళ్ళో మ్యాచ్ ఉంటే హోటల్‌కి డబ్బుల్లేక అవతలి జట్టు జిమ్ నేల మీదే పడుకున్న రోజులున్నాయి. మొదటి మ్యాచ్‌లో మెర్సర్ యూనివర్సిటీ చేతిలో 84-83తో ఓడిపోయారు. ఒక్క పాయింటు.

ఇదంతా చేస్తూనే తను ఇంకా ప్లేయరు, అది చాలామందికి తెలీదు. కాలేజీ ఆఖరి ఏడాది మోకాలి లిగమెంటు తెగింది. ఆ రోజుల్లో అది తెగితే ఆట అయిపోయినట్టే, డాక్టరు కూడా ఆ మాటే అన్నాడు. తండ్రి మాత్రం మా అమ్మాయి ఒలింపిక్స్‌కి వెళ్ళాలి, మోకాలు బాగుచెయ్యండి అని తేల్చి చెప్పాడు. పొద్దున చదువు, పాఠాలు చెప్పడం, సాయంత్రం జట్టు ప్రాక్టీసు, ఆ తర్వాత తన వ్యాయామం. 1976 మాంట్రియల్‌లో మహిళల బాస్కెట్‌బాల్ మొదటిసారి ఒలింపిక్స్‌లో పెట్టారు, ఆవిడ అమెరికా జట్టుకి కో-కెప్టెన్, వెండి పతకం. 1984 లాస్ ఏంజెలెస్‌కి కోచ్‌గా వెళ్ళి బంగారం తెచ్చింది.

ఇక ఆవిడ కోపం. దీని మీద కథలు కథలుగా చెప్తారు. నీలం కళ్ళతో ఒక చూపు చూసేదట, దానికి అక్కడ పేరే పడిపోయింది, "ద స్టేర్" అని. టైమౌట్‌లో, అంటే ఆట కాసేపు ఆపి కోచ్ జట్టుతో మాట్లాడేటప్పుడు, ఆ చూపు తన మీద పడితే ఏడుపొచ్చేసేదని చెప్పిన ప్లేయర్లు ఉన్నారు. క్లాసులో మొదటి మూడు వరసల్లోనే కూర్చోవాలి, క్లాసు ఎగ్గొట్టడం అన్న మాటే లేదు, ఎగ్గొడితే మ్యాచ్ లేదు. ప్రాక్టీసుకి అబ్బాయిల్ని రప్పించి వాళ్ళతో ఆడించేది, వాళ్ళ ఎత్తుకీ బలానికీ అలవాటు పడితే రేపు ఎదురొచ్చే అమ్మాయిలు లెక్క కాదని. 2008లో క్యాండేస్ పార్కర్ అంటే దేశంలోనే నంబర్ వన్ ప్లేయర్, షికాగో వైపు అమ్మాయి, అక్కడ మ్యాచ్ పెట్టిందే ఆ అమ్మాయి సొంత జనం చూస్తారని. ముందు రోజు రాత్రి రూముకి ఆలస్యంగా చేరిందని మ్యాచ్ మొదటి సగమంతా బెంచి మీద కూర్చోబెట్టింది. చుట్టాలూ పక్కాలూ టికెట్లు కొనుక్కొచ్చి కూర్చున్నారు మరి.

ఇవన్నీ నాకు నచ్చుతాయి. కానీ ఒకటుంది, నచ్చదు. తొలి రోజుల్లో ఒకసారి పిల్లలు రాత్రి పార్టీ చేసుకున్నారని తెలిసి, మర్నాడు జిమ్‌లో మూలకొకటి చొప్పున చెత్త డబ్బాలు పెట్టి, వాంతులయ్యేదాకా పరిగెత్తించింది. దీన్ని అభిమానులు నవ్వుతూ చెప్పుకుంటారు. మన రెసిడెన్షియల్ కాలేజీల్లో చదివి వచ్చినవాళ్ళకి ఇలాంటి కథ విని నవ్వు రాదు, ఎందుకంటే "స్ట్రిక్టు" అన్న మాట చాటున ఏమేం జరుగుతాయో మనకి బాగా తెలుసు. వయసు వచ్చాక ఆవిడే చాలా మెత్తబడిందని పాత ప్లేయర్లు దెప్పుతుంటారు, మమ్మల్ని పట్టుకుని చంపావు వీళ్ళనేమో ముద్దు చేస్తున్నావు అని. ఆవిడ కఠినత్వాన్ని ఎందుకు వేరేగా చూడాలనిపిస్తుందంటే, అది ర్యాంకు రాని పిల్లల్ని వెనక సెక్షన్‌లో పడేసే రకం కాదు. తన దగ్గర పూర్తికాలం ఆడిన ప్రతి అమ్మాయీ డిగ్రీ పూర్తి చేసింది. ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్కరు కూడా తప్పలేదు. బెంచి మీద కూర్చున్నవాళ్ళతో సహా.

టమీకా క్యాచింగ్స్ సంగతి చూడండి. పుట్టుకతోనే వినికిడి లోపం, చిన్నప్పుడు తోటిపిల్లలు ఏడిపిస్తున్నారని చెవి మిషన్లు విసిరి పారేసింది, అలాగే పెదాలు చూసి అర్థం చేసుకుంటూ నెట్టుకొచ్చింది. టెనెసీ వచ్చాక పాట్ కూర్చోబెట్టి మాట్లాడి మళ్ళీ పెట్టుకునేలా చేసింది. జాలి పడి కాదు. నువ్వు రేపు పెద్ద పేరు తెచ్చుకుంటావు, అప్పుడు నీలాంటి పిల్లలు నిన్ను చూస్తారు అన్న లెక్కలో. ఆ అమ్మాయి తర్వాత నాలుగు ఒలింపిక్ బంగారు పతకాలు గెలిచింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ 1990ది. సెప్టెంబరు, పాట్ నిండు గర్భిణి. పెన్సిల్వేనియాలో మిషెల్ మార్సినియాక్ అనే హైస్కూల్ ప్లేయర్‌ని ఒప్పించాలని అసిస్టెంటుని తీసుకుని చిన్న విమానంలో వెళ్ళింది. అక్కడ ఉండగా నొప్పులు మొదలయ్యాయి. అయినా ఆ ఇంట్లో సోఫాలో కూర్చుని చెప్పాల్సిందంతా చెప్పి మరీ లేచింది, ఆ ఇంటివాళ్ళ మొహాలు ఎలా ఉండి ఉంటాయో ఊహించుకోండి. తిరుగు ప్రయాణంలో పైలట్లకి టెన్షన్, మధ్యలో వర్జీనియాలో దించేస్తాం అన్నారు. వద్దు గాక వద్దంది. ఒకటి, తన బిడ్డ టెనెసీలోనే పుట్టాలి. రెండోది ఇంకా గమ్మత్తు, ఆ ఏడాది మార్చిలోనే వర్జీనియా జట్టు వీళ్ళని ఓవర్‌టైమ్‌లో ఓడించింది, అదీ ఫైనల్ ఫోర్, అంటే కాలేజీల జాతీయ పోటీలో ఆఖరి నాలుగు జట్ల మ్యాచ్‌లు, నాక్స్‌విల్‌లో సొంత కోర్టు మీదే జరగాల్సిన ఏడాది. ఆ రాష్ట్రంలో కొడుకుని కననంది! టైలర్ నాక్స్‌విల్‌లోనే పుట్టాడు. ఇంత చేస్తే మార్సినియాక్ ముందు నోటర్‌డామ్ యూనివర్సిటీకి వెళ్ళిపోయింది. ఏడాదయ్యాక మనసు మార్చుకుని టెనెసీకే వచ్చింది, 1996లో టైటిల్ గెలిచినప్పుడు ఫైనల్ ఫోర్ ఉత్తమ ప్లేయర్ ఆ అమ్మాయే.

ట్రోఫీల లెక్క త్వరగా చెప్పేస్తాను, ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి. కాలేజీల జాతీయ టైటిళ్ళు 1987, 89, 91, మళ్ళీ 96, 97, 98 వరసగా మూడు, తర్వాత తొమ్మిదేళ్ళ కరువు, 2007, 2008. మొత్తం ఎనిమిది. 1,098 గెలుపులు, 208 ఓటములు. వీటిల్లో 1997ది నాకు ముద్దొస్తుంది, ఆ సీజన్‌లో పది మ్యాచ్‌లు ఓడిపోయి కూడా టైటిల్ కొట్టారు, ఆ మరుసటేడు అదే కోచ్ 39-0, ఒక్క ఓటమీ లేదు. 2006లో ఆవిడ జీతం ఏడాదికి పది లక్షల డాలర్లు దాటింది, మహిళల బాస్కెట్‌బాల్‌లో అంత జీతం ఎవరికైనా ఇవ్వడం అదే మొదలు. జెర్సీలు ఉతికిన మనిషికే.

2011 ఆగస్టులో, యాభై తొమ్మిదేళ్ళకి, తనకి చిన్న వయసులోనే వచ్చే రకం అల్జీమర్స్ అని ఆవిడే బయటపెట్టింది. అంతకుముందు సీజన్ నుంచే తేడా తెలుస్తోంది, టైమౌట్‌లో ఏ ఎత్తు వెయ్యాలో చప్పున తట్టడం లేదు. చాలామంది ఏం చేస్తారు, అనారోగ్య కారణాలు అని ఒక ముక్క రాసి ఇంటికెళ్ళిపోతారు. మన ఇళ్ళల్లో అయితే మరీ, మతిమరుపు అని తేలిగ్గా కొట్టిపారేస్తాం లేదా చుట్టాలకి తెలియకుండా దాస్తాం. ఆవిడ జబ్బు పేరు పెట్టి చెప్పి, ఇంకో సీజన్ కోచింగ్ చేసింది. టైమౌట్లలో ఎక్కువ మాట్లాడింది హాలీ వార్లిక్, ఒకప్పటి శిష్యురాలు, ఏళ్ళ తరబడి పక్కనే ఉన్న అసిస్టెంటు. పాట్ పక్కన కూర్చుని చూసేది. స్టేడియంల నిండా "వీ బ్యాక్ పాట్" (పాట్ వెనక మేమున్నాం) టీషర్టులు, ఎదుటి జట్ల వాళ్ళు కూడా వేసుకున్నారు. 27 గెలిచి 9 ఓడారు, చివరి ఓటమి బేలర్ యూనివర్సిటీ చేతిలో, ఆ ఏడాది ఒక్క మ్యాచ్ కూడా ఓడని జట్టు చేతిలో. ఆ ఏప్రిల్‌లో పదవి వార్లిక్‌కి అప్పజెప్పింది. 2016 జూన్‌లో పోయింది, అరవై నాలుగేళ్ళు.

ఆ తర్వాత టెనెసీ ఒక్కసారి కూడా ఫైనల్ ఫోర్‌కి చేరలేదు. 2008దే ఆఖరు. వార్లిక్‌ని 2019లో తీసేశారు, ఆవిడ తర్వాత 96-98 మూడు టైటిళ్ళ జట్టులో ఆడిన కెలీ హార్పర్ వచ్చింది, ఐదేళ్ళకి ఆవిడనీ పంపేశారు. అభిమానులు ఒక్కొక్కరినీ పాట్‌తో పోల్చి తిడతారు, నాకు అది అన్యాయంగా కనిపిస్తుంది. పాట్‌కి మొదటి టైటిల్ రావడానికి పదమూడు సీజన్లు పట్టింది, ఈ రోజుల్లో ఏ కోచ్‌కి పదమూడేళ్ళు ఇస్తారు? పైగా ఆవిడ పోరాడి తెచ్చిందే ఇప్పుడు వీళ్ళకి కష్టం, కోర్టంతా పరిగెత్తగల అమ్మాయిలు ప్రతి రాష్ట్రంలో ఉన్నారు, వాళ్ళని తీసుకోవడానికి డబ్బున్న కాలేజీలూ ఉన్నాయి. 2024లో వచ్చిన కిమ్ కాల్డ్‌వెల్ జట్టు మొత్తాన్ని గుంపులు గుంపులుగా మారుస్తూ, కోర్టు ఈ చివర నుంచి ఆ చివరికి ఊపిరాడనివ్వకుండా వెంటపడే ఆట ఆడిస్తుంది. 2025 ఫిబ్రవరిలో పాట్ పాత శత్రువు యూకాన్‌ని, అంటే కనెక్టికట్ యూనివర్సిటీ జట్టుని, నాక్స్‌విల్‌లో 80-76తో ఓడించారు, 2007 తర్వాత వాళ్ళ మీద అదే మొదటి గెలుపు. ఆ సీజన్ టైటిల్ మాత్రం చివరికి యూకాన్ వాళ్ళే ఎగరేసుకుపోయారు, అది వేరే ఏడుపు.